రంగు దిగేదాకా

మూత తీయకూడదు. తీస్తే కొంపలేమీ మునగవు, వెనిగర్ వాసన గుప్పుమని ముక్కుకు కొడుతుంది, అంతే. కానీ ఎవరి జెల్‌ని వాళ్ళు మొదట చూడకూడదని ఈ ల్యాబులో కట్టుబాటు. మేడమ్ పెట్టారు. ఎందుకని అడిగితే, ఆశపడ్డ కంటికి మరక కూడా చారలాగే కనిపిస్తుందమ్మా అంటారు. అందుకే ఆమె స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది, బళ్ళో అల్లరి చేయకుండా ఉండడానికి చిన్నప్పుడు కూర్చున్నట్టు. ఎదురుగా బల్ల మీద ఊగే పళ్ళెం అటు వంగి, ఇటు వంగి, కిర్రు, కిర్రు. పళ్ళెం మీద పాత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా, డబ్బాలో నీలం నీళ్ళు, నీళ్ళలో అరచేతంత జెల్లీ రేకు, ఆ రేకులో ఆమె మూడేళ్ళు. రంగు దిగేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. రంగుకి తొందర లేదు. రేకంతా ఇప్పుడు ఒకే నీలంగా ఉంటుంది, ఏది ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు. మెల్లగా మిగతాదంతా వెలిసిపోయి, ప్రోటీన్ ఉన్నచోట మాత్రం రంగు పట్టుకుని మొండికేసి కూర్చుంటుంది, సన్నటి చారగా. పెద్ద ప్రోటీన్ అయితే ఒళ్ళు బరువుతో పైనే నిలబడిపోయి ఉంటుంది, చిన్నదైతే సందుల్లో దూరి కిందికి పోయి ఉంటుంది. చార ఉందా, లేదా, ఎక్కడుంది. ఇంత చదువూ చదివి చివరికి ఆమె అడిగేది ఇంతే.

ఈసారి చార ఉండకూడదు. అదీ తమాషా. అందరూ ఏదో ఒకటి కనిపించాలని కోరుకుంటారు, ఆమె కనిపించకూడదని కోరుకుంటోంది. "ఈ జెల్‌లో కూడా నీ ప్రోటీన్ ఎక్కడిదక్కడే ఉంటే ఇంక దాన్ని వదిలేద్దామమ్మా," అన్నారు మేడమ్ పొద్దున, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, కోపం లేకుండా. కోపం ఉన్నా బాగుండేది. "సాయంత్రం మీటింగులో చెప్పేస్తాను. వేరేది మొదలుపెడుదువు గాని." వేరేది. వచ్చే ఏడాదికి గడువు అయిపోతుంటే వేరేది మొదలుపెట్టడమంటే, రైలు కదిలాక టిక్కెట్ల వరసలో నిలబడడం. మేడమ్‌కి అది తెలుసు, ఆమెకి తెలుసు, మధ్యలో ఉన్న బల్లకి కూడా తెలిసే ఉంటుంది. డిగ్రీ లేకుండా పెట్టె సర్దుకుని ఇంటికి వెళితే అమ్మానాన్నా ఒక్క మాట కూడా అనరు, అదే కష్టం. నాన్న మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి "ప్రయాణం బాగా జరిగిందా?" అంటాడు. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె; దాటిన తర్వాత ఏముంటుందో ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి, దారి తప్పినా తప్పిందని చెప్పేవాళ్ళుండరు. ఆమె చెబితేనే తెలుస్తుంది. కిర్రు, కిర్రు.

పళ్ళెం కీలుకి నూనె వేయాలి. ఎవరో వేస్తారని అందరూ అనుకుంటారు. డబ్బా మూలన టిష్యూ కాగితాన్ని ముడి వేసి పెట్టింది, వదిలిన రంగుని అది తాగేస్తుంది, తాగి తాగి ముదురు నీలమవుతుంది. మూత మీద నుంచి ఆ ముడి మసకగా కనిపిస్తోంది, అంతవరకు చూడొచ్చు, ముడిని చూడొద్దని కట్టుబాటులో లేదు. పొద్దున ఫోనులో అమ్మ "అయ్యిందా?" అంది, పరీక్ష ఫలితాల గురించి అడిగినట్టు. "ఇంకా రంగు దిగాలమ్మా." "రంగు దిగడానికి అంతసేపా? దేంట్లో వేశావు?" "వెనిగర్‌లాంటిదే." "అయ్యో, వెనిగర్ పోస్తే రంగు పట్టేస్తుందే పిచ్చిమొహమా! దిగాలంటే వేడినీళ్ళు పొయ్యాలి." వెనక నుంచి నాన్న, "దానికి చెబుతున్నావా నువ్వు? అది సైంటిస్టు." "సైంటిస్టయితే? బట్ట బట్టే, రంగు రంగే." నవ్వొచ్చింది, ఇప్పుడు కూడా వస్తోంది, తొడల కింద చేతులు తిమ్మిరెక్కాయి.

నాన్నకి చెప్పడం ఎప్పుడూ కష్టం కాలేదు. నాన్న చేపల చలిగిడ్డంగిలో పనిచేసేవాడు, బయట ఎంత ఎండ కాసినా లోపల మంచే. స్వెటరు మీద స్వెటరు వేసుకుని లోపలికి పోయి, సాయంత్రం కనుబొమ్మల మీద తడితో వచ్చి, "పొద్దున గడ్డకడతా, సాయంత్రానికి కరుగుతా, అదే నా ఉద్యోగం," అనేవాడు. అలాంటివాడికి ఒక సెలవు రోజున కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని పొయ్యిలుంటాయి నాన్నా, మనం తిన్నదంతా అక్కడే మండి శక్తవుతుంది. పొయ్యి దగ్గర ఉన్నవి కమిలిపోకుండా ఉంటాయా? లోపలి ప్రోటీన్లు పాడవుతుంటాయి, వంకర్లు పోతుంటాయి, అడ్డంగా పడి ఉంటాయి. వాటిని పట్టుకుని ముక్కలు చేయడానికి ఒక యంత్రం ఉంటుంది, అదీ ప్రోటీనే, ఆరు ముక్కలు గుండ్రంగా చేరి మధ్యలో కన్నం. మా ల్యాబులో దాన్ని రోలంటాం. "అంటే చెత్తబండి," అన్నాడు నాన్న. అలాంటిదే. "మరి మంచివాటిని కూడా ఎత్తుకుపోదూ? మా వీధిలో చెత్తబండివాడు నా కొత్త చెప్పులు ఎత్తుకుపోయాడు గుర్తుందా?" గుమ్మం బయట పెడితే ఎత్తుకుపోడా అని అమ్మ లోపల్నుంచి. ఆమె మాత్రం నవ్వడం మానేసి గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. ఎత్తుకుపోదు. ఎందుకు ఎత్తుకుపోదు? గుమ్మం బయట ఉన్నదేదో, లోపల ఉన్నదేదో కళ్ళూ చెవులూ లేని ఉంగరానికి ఎలా తెలుసు? పుస్తకంలో జవాబుంది, కొస వేలాడుతుంటే పట్టుకుంటుంది అని. ప్రోటీనంటే పొడవాటి దారం, ఉండలా చుట్టుకుని ఉంటుంది. ఆ ఉండలోంచి ఒక కొస వదులుగా వేలాడితే రోలు దాన్ని కన్నంలోకి తీసుకుని, ఇంధనం మండించుకుంటూ, లాగి, లాగి, ఉండ మొత్తం విప్పేసి, కింద గదిలో కత్తిరిస్తుంది. పేరుకి రోలు, పనికి కత్తెర అంటాడు ల్యాబులో బాబాయ్. కానీ ప్రతి ప్రోటీన్‌కీ కొసలు రెండుంటాయి. ఒకటి తల, ఒకటి తోక. వాటిలో ఏది పట్టుకుంటుంది, ఏది పట్టుకోదు, ఎందుకు. ఆ ఎందుకుతోనే ఇక్కడికి వచ్చి పడింది. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా అని అమ్మమ్మ అనేది, అమ్మమ్మకి తెలియకుండానే ఎంత సరిగ్గా అంది.

కారిడార్లో ఎవరో చక్రాల బండి తోసుకుంటూ పోయారు, గాజుసీసాలు ఒకదానికొకటి తగిలి గలగల. సింకు పక్కన బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలి పొట్ట మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఎవరికీ బాబాయ్ కాదు. అందరికంటే ముందు చేరి అందరికంటే ఆలస్యంగా చదువు పూర్తి చేస్తున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మధ్యాహ్నం పూట కునుకు తీయకపోతే పైపెట్ పట్టుకోలేడు, అందుకని బాబాయ్. ఇవాళ ఆమె జెల్‌ని చదవాల్సింది ఆయనే. రేకు పైఅంచున ఉండే గాడుల్లో దేంట్లో ఏ ట్యూబు పోసిందో ఆయనకి చెప్పలేదు, చెప్పకూడదు. ఆయన చూసి పైకి చదువుతుంటే ఆమె గోడ వైపు తిరిగి నిలబడాలి, అదింకో కట్టుబాటు. ముఖం చూస్తే జవాబు తెలిసిపోతుందట. నిజమే, ఆమె ముఖం అద్దం లాంటిది, ఏమీ దాచదు, పెళ్ళిచూపుల్లాంటివి జరిగితే అబ్బాయి కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోతాడని అక్క వెక్కిరించేది. "నిద్రపోతున్నావా బాబాయ్?" "లేదమ్మడూ, కళ్ళకి విశ్రాంతి ఇస్తున్నా. నీ జెల్ చదవాలిగా." "సరిగ్గా చదువు." "ఉన్నది ఉన్నట్టు చదువుతా. లేనిది చదవమంటే మటుకు నావల్ల కాదు." లేనిదే చదవాలి బాబాయ్, నీకు తెలియదు గానీ, ఇవాళ లేనిదే చదవాలి.

చెడిపోయిన ట్యూబు లేకపోతే ఇవాళ ఈ జెల్ కూడా లేదు. రోలు విరిగిపోయిన కణాల్లో ఆమె ఎంచుకున్న ప్రోటీన్ గుట్టలుగా పేరుకుపోతుంది, అది మొదటి ఏడాదే చూసింది. రోలు లేకపోతే పేరుకుంటోందంటే రోలు ఉన్నప్పుడు తినేది అదే కదా! అందరూ ఒప్పుకున్నారు. తీరా రెంటినీ విడిగా శుభ్రం చేసి ఒక ట్యూబులో వేసి ఇంధనం పోస్తే, రోలు దాన్ని ముట్టుకోదు. ఎదురెదురుగా కూర్చోబెట్టినా ఒకరి ముఖం ఒకరు చూసుకోని వియ్యంకుల్లాగా. సాక్ష్యం ఉంది, దొంగ ఒప్పుకోడు. వేడి మార్చింది, ఉప్పు మార్చింది, రోలుని మళ్ళీ కొత్తగా తయారు చేసింది, వేరే ప్రోటీన్ ఇస్తే అదే రోలు కరకర నమిలేసింది, దీన్ని మాత్రం ఇస్తే ఉపవాసం. ఏడాది, ఇంకో ఏడాది. మేడమ్ మొదట్లో "మళ్ళీ చెయ్యి" అనేవారు, తర్వాత "చూద్దాం" అన్నారు, తర్వాత ఏమీ అనడం మానేశారు. ఇంతలో ఒక రోజు కొత్త ట్యూబు అనుకుని పాత ట్యూబు తీసింది. ల్యాబు చలిగదిలో అరలో వెనక్కి పడిపోయి, అటు గడ్డకట్టకుండా ఇటు కరగకుండా నెలల తరబడి మగ్గిన ట్యూబు. దాన్ని రోలుతో పెడితే అది పోయింది. సగం దాకా పోయింది అనాలి, చార మసకబారింది. చెడిపోయింది కదమ్మా, దానంతటదే విరిగి ఉంటుంది, పారెయ్, అన్నారు అందరూ. ఆమె పారేయలేదు. రోలు లేకుండా ఒంటరిగా పెడితే ఆ చెడిపోయినది చెక్కుచెదరలేదు, రోలుతో పెడితేనే పోతోంది. చెడిపోయింది సరే, ఎక్కడ చెడిపోయింది? పండు కుళ్ళినా ఒక పక్క నుంచే కదా మొదలవుతుంది.

తోక దగ్గర. తోక చివరి ముక్క ఊడిపోయింది. అది తెలిసిన రోజు ఆమె చలిగదిలోంచి బయటికి వచ్చి, ఎవరితోనూ చెప్పకుండా, మెట్ల మీద కూర్చుని చాలాసేపు నవ్వింది. ఆ ముక్క ప్రోటీన్‌ది కాదు, ఆమెది. ఆమె కట్టిందే. వేల ప్రోటీన్ల మధ్యలోంచి కావలసినదాన్ని బయటికి లాగడానికి ప్రతివాళ్ళూ దానికొక పిడి తగిలిస్తారు, చిన్న ముక్క, ఆ పిడి నికెల్ పూసలకి అతుక్కుంటుంది, మిగతావన్నీ కడుక్కుపోతాయి, పిడి ఉన్నది మిగులుతుంది. గరిటెకి కాడలాగా. కాడ ఎక్కడ పెట్టాలి అని ఎవరూ పెద్దగా ఆలోచించరు, ముందు వచ్చినవాళ్ళు ఎక్కడ పెడితే అక్కడే. ఆమెకి ముందున్నవాళ్ళు తోకకి పెట్టారు, ఆమె తోకకే పెట్టింది. రోలు వెతుక్కునేది ప్రోటీన్ అసలు తోకనే అయితే? పట్టుకోవాల్సిన కొసకి తనే అడ్డంగా కాడ బిగించి, ఎందుకు పట్టుకోవే ఎందుకు పట్టుకోవే అని రెండేళ్ళు ఆ మూగదాన్ని సతాయించింది. బాబాయ్‌కి చెబితే ఆయన తన జుట్టు తనే పీక్కున్నాడు, "నాది కూడా తోకకేనమ్మడూ, నా నాలుగేళ్ళు!" అని. తర్వాత చూసుకుంటే ఆయనది వేరే కథ, ఆయన ప్రోటీన్‌కి తోకతో పని లేదు, కానీ ఆ రోజంతా ఇద్దరూ కలిసి తిట్టుకున్నారు, ఎవర్ని తిట్టాలో తెలియక కాడని తిట్టారు.

ఇప్పుడు కాడ తల వైపుకి మార్చింది. తోకని వదిలేసింది, వేలాడనీ. ఇవాళ్టి రేకులో మూడు గాడులు ముఖ్యం: పాత కాడది ఒకటి, రోలూ ఇంధనమూ ఉన్నా పోదు, పోదని తెలుసు. కొత్త కాడది ఒకటి, రోలు ఉంది గానీ ఇంధనం లేదు, అదీ పోకూడదు, పోతే ఇంకేదో కొరుకుతోందని అర్థం, అప్పుడంతా గంగలో కలిసినట్టే. మిగిలింది కొత్త కాడతో, రోలుతో, ఇంధనంతో. దాన్ని మధ్యలో పోసింది. మధ్యలో ఉంటే ధైర్యంగా ఉంటుందనిపించింది, ఎవరికి ధైర్యమో.

అంతా ఆ చలిగదిలోనే. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటే పెద్ద ఫ్రిజ్జులో కూర్చున్నట్టు, ఊపిరి కనిపిస్తుంది, సన్నటి గొట్టంలో నికెల్ పూసలు లేత నీలంగా, చుక్క చుక్క, చుక్క చుక్క. చలిగది ఉందని మొదటి సెలవుల్లో చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది, కూతురు చేసే పనిలో తనకి తెలిసింది ఒకటి దొరికినందుకు. "తలుపు లోపల్నుంచి తీసుకోవచ్చా? అది ముందు చూసుకోవాలి. మాది ఒకసారి బిగుసుకుపోయింది." లేచి వెళ్ళి తన స్వెటరు తెచ్చిచ్చాడు, ఊదారంగుది, మోచేతుల దగ్గర పల్చబడ్డది. గిడ్డంగి లోపలి పని మానేసి గేటు దగ్గరికి మారాక ఆయనకి దాంతో పని లేదు. వేసుకుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. ల్యాబులో అందరూ నవ్వారు గానీ చలికి నడుం పట్టేయలేదు. దాని చేతులతోనే చిక్కొచ్చి పడింది, ఎంత మడిచినా జారి ట్యూబుల మీద పడేవి, ఒకసారి వరస మొత్తం ఒలికిపోయింది. తర్వాతి సెలవుల్లో అమ్మకి చెబితే, "దానిదేముంది, చేతులు తీసేద్దాం," అంది, తీసేద్దామంటే కత్తెర కోసం చూసింది ఆమె. అమ్మకి కోపం వచ్చింది. "ఊలుని కత్తిరిస్తారా ఎవరైనా? విప్పాలి."

విప్పడం అమ్మ వృత్తి. గిడ్డంగిలో మగవాళ్ళ స్వెటర్లు చిరిగితే, బిగుతైతే, అన్నీ వాళ్ళింటికే వచ్చేవి. అమ్మ విప్పి, కడిగి, ఆరేసి, అదే ఊలుతో కొత్తది అల్లి ఇచ్చేది. విప్పిన ఊలు తిన్నగా ఉండదు, నూడుల్స్‌లా వంకర వంకరగా ఉంటుంది, అల్లిన రోజులు గుర్తున్నట్టు. తడిపి బరువు కట్టి వేలాడదీస్తే గానీ వంకర తీరదు. చిన్నప్పుడు ఆమె రెండు చేతులూ చాపి నిలబడేది, ఆ చేతుల చుట్టూ ఊలు వచ్చి చుట్టుకునేది, వేగంగా, గరగర, ఎదురుగా అమ్మ ఒళ్ళో ఒక మామయ్య స్వెటరు వరస వరసగా మాయమైపోయేది. మెడ, భుజాలు, ఛాతీ. ఎక్కడికి పోయింది అని అడిగేది. నీ చేతిలోనే ఉంది కదే. లేదు, స్వెటరు ఎక్కడికి పోయింది? అమ్మ "ముక్కు దురద పెడుతోందా, గోకనా?" అనేది, చేతులు ఖాళీ లేవు కదా. ముక్కు నిజంగానే దురద పెట్టేది. ఇప్పుడు కూడా పెడుతోంది. తొడ కింద నుంచి ఒక చెయ్యి తీసి గోక్కుంది. ముడి బాగా నీలమైంది. ఇంక ఎంతోసేపు పట్టదు.

ఆ రోజు నాన్న స్వెటరు చేతుల్ని అమ్మ మణికట్టు దగ్గర మొదలుపెట్టి విప్పుతుంటే ఆమె పక్కనే కూర్చుంది, పెద్దదైపోయినా భయం పోలేదు, ఇలాగే లాగుతూ పోతే భుజం దాటి, ఛాతీ దాటి, నాన్న మొత్తం పోడూ? అమ్మ ఆగింది. సరిగ్గా భుజం దగ్గర, చెయ్యి మొదలైన చోట, ఒక వరస ముందు కాదు, వెనక కాదు. నోట్లో పెట్టుకున్న సూది తీసి, నోరు తెరుచుకుని నిలబడ్డ ఉచ్చులన్నీ ఒక్కొక్కటీ ఎక్కించి, చుట్టూ బిగించేసింది. వేరే అల్లిక మొదలయ్యే చోట దారం అదే నిలబడుతుంది, కంగారుపడకు అంది, పళ్ళ మధ్య ఇంకో సూదితో. చేతుల ఊలుతో ఆమెకి మేజోళ్ళు అయ్యాయి. చేతుల్లేని ఊదారంగు స్వెటరు అదిగో, చలిగది తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతోంది, ల్యాబులో అందరూ వాడతారు దాన్ని, బాబాయ్‌కి మాత్రం పొట్ట దగ్గర పట్టదు.

గంట మోగింది. ఆమె ఉలిక్కిపడింది, తను పెట్టుకున్న గంటే. బాబాయ్ కళ్ళు తెరిచాడు, ఆవులించాడు, చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా, ఈ మనిషికి తొందరన్నది ఒంట్లోనే లేదు, చేతి తొడుగులు వేసుకున్నాడు. "ఊఁ, గోడకి తిరుగమ్మడూ."

ఆమె లేచి వెళ్ళి కొక్కెం ఎదురుగా నిలబడింది. ముక్కుకి అరంగుళం దూరంలో నాన్న స్వెటరు. చేపల వాసన పోయి ఎన్నాళ్ళైందో, ఇప్పుడు ల్యాబు వాసనే. వెనక పళ్ళెం కిర్రు ఆగిపోయింది. ఆ చప్పుడు ఇంతసేపు ఎంత పెద్దగా ఉందో ఆగాక తెలిసింది. మూత చటుక్కుమంది. వెనిగర్. నీళ్ళు వంపిన చప్పుడు, సింకులో గొట్టం గుటకలు వేసింది. లైటు పెట్టె మీట టిక్కుమంది. గోడ మీద తెల్లటి వెలుగు పడి, ఆ వెలుగులో బాబాయ్ నీడ వంగింది. ఈ ఒక్క క్షణంలో ప్రపంచంలో జవాబు తెలిసినవాడు బాబాయ్ ఒక్కడే, దాని అర్థమేమిటో ఆయనకే తెలియదు. ఏమిటి ఈ విచిత్రం. భయం వేస్తోందా అంటే వేస్తోంది, కానీ భయం కింద ఇంకొకటి ఉంది, చిన్నప్పుడు చేతులు చాపి నిలబడ్డప్పుడు ఉన్నదే, ఇప్పుడేమవుతుంది, ఇప్పుడేమవుతుంది అని.

"పైన మన రోలు చారలు మూడింట్లోనూ ఉన్నాయి. బాగున్నాయి. ఇప్పుడు కిందికి వస్తున్నా." కుర్చీ జరిగింది. "మొదటి గాడి. చార ఉంది. లావుగా."

పాత కాడది. ఉండాలి. ఉంది.

"మూడోది చదువుతున్నా ముందు, కుడివైపు వెలుగు బాగుంది. ఉంది. మొదటిదాని అంతే ఉంది."

ఇంధనం లేనిది. ఉంది. ఇంకేదీ కొరకడం లేదన్నమాట. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే స్వెటరు అంచు పట్టుకుంది.

"రెండోది..."

ఎవరో కారిడార్లో గట్టిగా నవ్వారు. నవ్వకండి.

"రెండోది లేదు."

"లేదా?"

"గోడలు మాట్లాడవమ్మడూ. లేదు. ఆ ఎత్తులో ఏమీ లేదు, తుడిచేసినట్టుంది." అంతలో ఆయన గొంతు మారింది. "ఆగాగు. కింద ఒకటుంది."

కింద ఏమీ ఉండకూడదు. రోలు తింటే పూర్తిగా తింటుంది, ముక్కలు ఎంత చిన్నవంటే రేకు దాటి బయటికే పోతాయి. "మరకేమో," అంది గోడతో.

"మరకైతే మరకని చదవనా? సన్నగా, నీటుగా, అంచు గీసినట్టుంది. మిగతా రెంటిలో లేదు. సైజు చూస్తే, నీ ప్రోటీన్‌లో సగానికి కొంచెం తక్కువ." తలుపు తెరుచుకుంది, మేడమ్ అడుగులు, ఆ చెప్పుల చప్పుడు అందరికీ తెలుసు. బాబాయ్ జరిగి చోటిచ్చాడు. గోడ మీద ఇప్పుడు మేడమ్ నీడ వంగింది. ఆమె స్వెటరు ఊలులోకి చూస్తూ నిలబడింది. పూర్తిగా తినలేదంటే తినలేదనే అంటారా? ఇది ఓడిపోవడమా? మూడేళ్ళకి సగమా?

"ఏ గాడిలో ఏముందమ్మా?" మేడమ్ గొంతు. ఆమె గోడకే చెప్పింది, పాతది, ఇంధనంతో కొత్తది, ఇంధనం లేకుండా కొత్తది.

"తోక నుంచి మొదలుపెట్టింది," అన్నారు మేడమ్ నెమ్మదిగా, తనలో తను. "సగంలో వదిలేసింది. దాన్ని మిగిల్చింది. ఎప్పుడూ మిగల్చదు కదా ఇది, ఎందుకు మిగిల్చినట్టు?" కళ్ళద్దాలు బల్ల మీద పెట్టిన చప్పుడు. "మిగిలింది కణంలో కూడా ఉందేమో వెతికావా ఎప్పుడైనా? లేదులే, ఎవరు వెతుకుతారు, చార పోయిందా లేదా అనే చూస్తాం అందరం." ఆ గొంతులో ఏడాదిగా లేనిది ఏదో ఉంది. "సాయంత్రం మీటింగులో నువ్వే మాట్లాడు. మూసేయడం సంగతి నేనెత్తను. ముందు అది ఎక్కడ ఆగిందో తేల్చు."

చెప్పులు వెళ్ళిపోయాయి. లైటు పెట్టె సన్నగా రొద పెడుతోంది. "అమ్మడూ," అన్నాడు బాబాయ్, "ఇంక తిరగొచ్చు. వచ్చి చూసుకో తల్లీ, నీ చార." జేబులో ఫోను వణుకుతోంది, అమ్మే అయి ఉంటుంది, రంగు దిగిందా అని అడగడానికి. ఎత్తాలి, చెప్పాలి, ముందు తిరిగి చూడాలి, ఒక నిమిషం. ఆమె వేలు స్వెటరు భుజం దగ్గర, చెయ్యి ఉండాల్సిన చోట, అమ్మ బిగించిన అంచు వెంట నడుస్తోంది, ఉచ్చు మీద ఉచ్చు మీద ఉచ్చు. ఇక్కడిదాకా సాదా అల్లిక, సులువుగా వచ్చేస్తుంది, ఇక్కడి నుంచి భుజం, రెండు పేటలు కలిసిన జడ, గట్టిది, లాగినా రాదు.

"బాబాయ్," అంది, ఇంకా గోడ వైపే తిరిగి ఉండి, "ఆ ప్రోటీన్ నడుం దగ్గర ఏ అల్లిక ఉండి ఉంటుందంటావ్?"